షాపు మీదే, అమ్మడానికి అనుమతి ఎవరిది?

మా బావగారు న్యూజెర్సీలో 11 ఏళ్లు ఒక శాండ్‌విచ్ షాపు నడిపారు. బోర్డు మీద ఉన్నది ఊరూరా కనిపించే ఒక పెద్ద కంపెనీ పేరు, అంటే ఆ పేరు వాడుకోవడానికి ఒప్పందం చేసుకుని నడిపే ఫ్రాంచైజీ. తెల్లవారుజామున 5 గంటలకు వెళ్లి మొదటి వాయి బ్రెడ్డు ఓవెన్‌లో పెట్టడం, రాత్రి 10కి లెక్క చూసుకుని తాళం వేయడం. మోకాళ్లు మొరాయించడం మొదలయ్యాక ఇక అమ్మేద్దామనుకున్నారు. ఎడిసన్‌లో తెలిసిన ఒక తెలుగు జంట కొంటామన్నారు. ఒక ఆదివారం మా అక్క వండిన గుత్తివంకాయ కూర తింటూ రేటు ఖాయం చేసుకున్నారు. బావగారి లెక్కలో షాపు అమ్ముడైపోయినట్టే.

నాలుగు నెలల తర్వాత ఆ జంట ఇంకో షాపు కొనుక్కున్నారు. ఈ నాలుగు నెలలూ జరిగిందేమిటంటే, బావగారు కంపెనీ ఏరియా మేనేజరుకు ఫోను చేసి విషయం చెప్పారు. ఆయన "మంచిది, పైవాళ్లతో మాట్లాడతాను" అన్నాడు. రెండు వారాలకు ఒక కాగితం అడిగాడు, నెలకు ఇంకోటి అడిగాడు. కాదని ఎవరూ అనలేదు, అవుననీ ఎవరూ అనలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వకపోవడం అంటే ఇదే.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ జాప్యం కాదు. ఇలాంటి జాప్యాన్ని అడ్డుకోవడానికే న్యూజెర్సీలో 1971 నుంచి ఒక చట్టం ఉంది. బావగారికి ఆ రక్షణ మొదటి రోజు నుంచీ ఉంది. దాన్ని నిద్రలేపే పద్ధతే ఆయనకు తెలియలేదు. ఫ్రాంచైజీ తీసుకున్న మనవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు, హైదరాబాద్, విజయవాడల్లోనూ ఉన్నారు. తీసుకునేటప్పుడు వంద ప్రశ్నలు అడుగుతాం. బయటికి ఎలా వస్తామన్న ప్రశ్న మాత్రం అడగం. ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

అసలు అమ్ముతున్నది ఏమిటి?

కిరాణా కొట్టు అమ్మితే సరుకు, బీరువాలు, పేరు, ఖాతాదారులు అన్నీ మీవే. ఫ్రాంచైజీ షాపులో అలా కాదు. ఓవెన్లు, ఫ్రిజ్‌లు, టేబుళ్లు మీవి. షాపు గది ల్యాండ్‌లార్డుది, మీ చేతిలో ఉన్నది లీజు. బోర్డు, వంటల పద్ధతి, సాఫ్ట్‌వేర్ కంపెనీవి, వాటిని కొన్నేళ్లపాటు వాడుకోవడానికి మీకిచ్చింది లైసెన్సు మాత్రమే. ఇక మిగిలింది గుడ్‌విల్. పదేళ్లపాటు పొద్దున్నే వచ్చే కస్టమరుకు పేరు పెట్టి పలకరించి సంపాదించిన నమ్మకం మీ సొత్తేనని మీరంటారు. వాళ్లు వచ్చింది మా బోర్డు చూసే కదా అని కంపెనీ అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అమ్మకం ధరలో ఎక్కువ భాగం ఈ గుడ్‌విల్‌దే కాబట్టి పేచీ అంతా అక్కడే.

కంపెనీ అనుమతి ఎందుకు అడగాలి అంటే దానికి పేచీకి మించిన కారణం కూడా ఉంది. ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్లు తమ పేరును ఇతరులకు వాడుకోనిచ్చి, నాణ్యత మీద అదుపు వదిలేస్తే, అమెరికా కోర్టుల్లో ఆ పేరు మీద హక్కే బలహీనపడుతుంది. అందుకని ఎవరు కొంటున్నారు, వాళ్లకు నడిపే సత్తా ఉందా అని చూసుకోవడం కంపెనీకి అవసరం. మీ పక్క ఊరి షాపు ఒక చేతకానివాడి చేతిలో పడి చెడ్డపేరు వస్తే మీ బేరాలూ తగ్గుతాయి. కాబట్టి అనుమతి అడగడం అన్యాయమని నేననను. అడిగిన అనుమతికి గడువు లేకపోవడం, కాదన్నప్పుడు కారణం చెప్పకపోవడం అన్యాయం. మంచి చట్టాలు పట్టుకున్నది సరిగ్గా ఈ రెండింటినే.

కేంద్ర చట్టం ప్రవేశద్వారం దగ్గరే ఆగిపోతుంది

అమెరికాలో ఫ్రాంచైజీ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే కేంద్ర సంస్థ పెట్టిన ఎఫ్‌టీసీ ఫ్రాంచైజ్ రూల్. 1979లో అమల్లోకి వచ్చింది, 2007లో సవరించారు. దాని ప్రకారం కంపెనీ మీ చేత సంతకం పెట్టించుకోవడానికైనా, డబ్బు తీసుకోవడానికైనా కనీసం 14 రోజుల ముందు ఎఫ్‌డీడీ (ఫ్రాంచైజ్ డిస్‌క్లోజర్ డాక్యుమెంట్) అనే పెద్ద పత్రం మీ చేతికివ్వాలి. అందులో 23 అంశాలుంటాయి. ఇది సమాచారం ఇవ్వాలన్న నియమమే తప్ప, ఆ తర్వాత కంపెనీ మీతో ఎలా ప్రవర్తించాలో చెప్పే నియమం కాదు. కఠినమైన షరతును ముందే రాసి చూపిస్తే చాలు, కేంద్రం పని అయిపోయింది.

అయినా అమ్మకం దృష్టితో చదివితే ఆ పత్రంలో రెండు చోట్ల బంగారం ఉంది. 17వ అంశంలో ఒక పట్టిక ఉంటుంది. రెన్యువల్, రద్దు, బదిలీ, తగాదాల పరిష్కారం, వీటికి అగ్రిమెంటులో ఏ క్లాజు వర్తిస్తుందో అక్కడ దొరుకుతుంది. 20వ అంశంలో గత మూడేళ్లలో ఎన్ని షాపులు ఒక ఓనరు నుంచి ఇంకో ఓనరుకు మారాయో లెక్క ఉంటుంది, వదిలి వెళ్లిన ఓనర్లను సంప్రదించే వివరాలూ ఉంటాయి. వాళ్లకు ఫోను చేసి "మీరు అమ్మినప్పుడు కంపెనీ ఎన్నాళ్లు తిప్పింది?" అని అడగండి. 300 పేజీలు చెప్పని సంగతి ఆ ఒక్క ఫోను చెబుతుంది.

పెట్రోలు బంకులకు మాత్రం కేంద్రంలోనే 1978 నాటి ప్రత్యేక చట్టం ఉంది. అయితే దాని దృష్టి ముఖ్యంగా ఒప్పందం రద్దు, రెన్యువల్ నిరాకరణ మీదే. బంకు అమ్ముకునే విషయంలో మళ్లీ రాష్ట్ర చట్టమే చూసుకోవాలి.

న్యూజెర్సీ: 60 రోజుల గడియారం

కాబట్టి అసలు రక్షణ రాష్ట్రాల చేతిలో ఉంది. న్యూజెర్సీ ఫ్రాంచైజ్ ప్రాక్టీసెస్ యాక్ట్ ఈ విషయంలో చాలా పాతది, చాలా సూటైనది. ఎవరికి వర్తిస్తుందో ముందు చూసుకోవాలి. వ్యాపార స్థలం న్యూజెర్సీలో ఉండాలి. దావా వేయడానికి ముందు 12 నెలల్లో రెండు పక్షాల మధ్య నడిచిన అమ్మకాలు 35,000 డాలర్లు దాటి ఉండాలి. మీ మొత్తం అమ్మకాల్లో 20 శాతానికి పైగా ఆ ఫ్రాంచైజీ నుంచే రావాలి. ఒకే బోర్డు కింద నడిచే మామూలు షాపుకు ఇవేవీ అడ్డంకి కావు.

చట్టం అమ్మేవాళ్ల మీద ముందు ఒక బాధ్యత పెట్టింది. కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. అందులో కొనేవారి పేరు, చిరునామా, వారి ఆర్థిక స్థోమత, గత ఐదేళ్ల వ్యాపార అనుభవం ఉండాలి. ఇలా తెలియజేయకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. ఆ ఉత్తరం అందిన 60 రోజుల్లో కంపెనీ ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి, లేదా ఎందుకు ఒప్పుకోవడం లేదో రాసివ్వాలి. ఆ కారణం కూడా ఏదో ఒకటి కాదు, కొనేవారి నడవడికకో, ఆర్థిక శక్తికో, వ్యాపార అనుభవానికో సంబంధించిన గట్టి కారణం కావాలి. 60 రోజులూ మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే. కొన్నవారు మాత్రం అప్పటికి అమల్లో ఉన్న ఫ్రాంచైజీ షరతులన్నీ పాటిస్తామని రాసివ్వాలి.

ఆ మౌనం గురించిన వాక్యమే మొత్తం చట్టానికి ప్రాణం. అది లేకపోతే కంపెనీకి ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు. నష్టమంతా అమ్మేవాళ్లదే, ఎందుకంటే కొనేవాళ్ల ఓపికకు ఒక హద్దు ఉంటుంది, బ్యాంకు ఇచ్చిన లోను మాటకూ గడువుంటుంది. ఆ వాక్యంతో ఆలస్యం బరువు కంపెనీ భుజాల మీదికి మారింది.

మా బావగారి ఫోన్లకు ఈ గడియారం కదలలేదు. ఎందుకు కదులుతుంది? ఫోను ఉత్తరం కాదు. ఏరియా మేనేజరుతో వాట్సాప్‌లో నడిచిన సంభాషణ చట్టం అడిగిన వివరాలన్నీ ఉన్న నోటీసు కాదు. రెండోసారి కొనేవాళ్లు దొరికినప్పుడు లాయరు మొదట చేయించిన పని, మొత్తం ఫైలును ఒకే కవరులో పెట్టి సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం వెనక్కి వచ్చేలా పంపడం. వారం రోజులకు పోస్టాఫీసు వాళ్ల పచ్చ కార్డు ఇంటికి తిరిగొచ్చింది, దాని మీద కంపెనీ ఆఫీసులో ఎవరిదో సంతకం, తేదీ. బావగారు దాన్ని ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి, పక్కన క్యాలెండర్‌లో 60వ రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. 53వ రోజున అనుమతి వచ్చింది. ఆ ఎర్ర సున్నా చూసినప్పుడల్లా, మొదటిసారే ఈ కొద్ది డాలర్లు ఖర్చు పెట్టి ఉంటే ఎంత బాగుండేదని మా అక్క అంటూనే ఉంటుంది.

చట్టం ఉల్లంఘించారని తేలితే నష్టపరిహారంతో పాటు లాయరు ఫీజు కూడా కంపెనీ నుంచి రాబట్టుకునే వీలుంది. చిన్న ఓనరుకు ఇది చిన్న విషయం కాదు. దావా వేయాలంటే కంపెనీ హెడ్డాఫీసున్న రాష్ట్రానికే రావాలని అగ్రిమెంట్లలో తరచూ ఒక క్లాజు ఉంటుంది. 1996లో కుబిస్ అండ్ పెర్జిక్ వర్సెస్ సన్ మైక్రోసిస్టమ్స్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, ఈ చట్టం కిందికి వచ్చే ఫ్రాంచైజీల విషయంలో అలాంటి క్లాజు చెల్లదనే భావించాలని చెప్పింది. రక్షణ ఇచ్చి, దాన్ని వాడుకోవడానికి వెయ్యి మైళ్లు ప్రయాణం చేయమనడం రక్షణ కాదు కదా.

కాలిఫోర్నియా: కొలబద్ద చూపించమన్న చట్టం

కాలిఫోర్నియాలో ఓనర్లు ఈ హక్కు కోసం కొట్లాడాల్సి వచ్చింది. 2014లో చట్టసభ ఆమోదించిన ఎస్‌బీ 610 బిల్లును గవర్నరు జెర్రీ బ్రౌన్ వీటో చేశారు. మరుసటి ఏడాది ఓనర్ల సంఘాలు, కంపెనీల సంఘాలు కూర్చుని రాజీకి వచ్చిన ఏబీ 525 మీద అదే గవర్నరు సంతకం పెట్టారు. 2016 జనవరి 1 తర్వాత చేసుకున్న, లేదా రెన్యువల్ చేసుకున్న ఒప్పందాలకు అది వర్తిస్తుంది.

అక్కడి చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. కొత్తగా చేరేవాళ్లకు, రెన్యువల్ చేసుకునేవాళ్లకు కంపెనీ ఏ అర్హతలు పెట్టిందో, మీ దగ్గర కొనేవారికి కూడా అవే వర్తించాలి. వాటిని మీకు చూపించాలి, మీలాంటి ఓనర్లందరికీ ఒకేలా అమలు చేయాలి. అమ్ముతానని తెలియజేసేటప్పటికి ఆ అర్హతలు మీకు అందుబాటులో లేకపోతే 15 రోజుల్లో పంపాలి. కావలసిన కాగితాలన్నీ అందిన తర్వాత 60 రోజుల్లో జవాబు, కాదంటే కారణం, మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు.

"కాగితాలన్నీ అందిన తర్వాత" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. రోజుల లెక్క మొదలయ్యేది ఫైలు పూర్తయ్యాకే. కొనేవారి అప్లికేషను, అమ్మకం అగ్రిమెంటు కాపీ, ఆస్తుల లెక్క, వీటిలో ఒక్కటి తక్కువైనా కంపెనీ "ఇంకా ఇది రాలేదు" అనగలదు. అందుకే కొనేవాళ్లను వెతకడానికి ముందే, కంపెనీకి ఉత్తరం రాసి "బదిలీకి ఏమేం కావాలి, అర్హతలేమిటి?" అని జాబితా తెప్పించుకోవడం తెలివైన పని. ఆ జాబితాయే రేపు మీ చేతిలో సాక్ష్యం.

మిన్నెసోటా నిబంధనల్లో కూడా, కొనేవారికి అర్హతలుంటే అకారణంగా అనుమతి నిరాకరించడం అన్యాయమైన పద్ధతిగా లెక్క. ఇంకా కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. మనవాళ్లు లక్షల్లో ఉన్న టెక్సాస్‌లో మాత్రం అన్ని ఫ్రాంచైజీలకూ వర్తించే ఇలాంటి చట్టం లేదు. డాలస్‌లో షాపు ఉన్న ఓనరుకు రక్షణ ఏదైనా ఉందంటే అది అగ్రిమెంటులో రాసుకున్నదే.

అనుమతి వచ్చినా తెగిపోయే బేరాలు

కంపెనీ సరే అన్నాక కూడా ముందరి కాళ్లకు బంధాలు చాలానే ఉంటాయి. వీటిని చట్టం పూర్తిగా విప్పదు.

అన్నిటికన్నా పెద్దది కొత్త అగ్రిమెంటు. మీరు పదేళ్ల కిందట తక్కువ రాయల్టీకి, అంటే అమ్మకాల్లో కంపెనీకి కట్టే వాటాకు, సంతకం పెట్టి ఉంటారు. కొనేవారిని కంపెనీ ఈ రోజు నడుస్తున్న ఫారం మీద సంతకం పెట్టమంటుంది. రాయల్టీ పెరుగుతుంది, యాడ్‌ల ఫండ్ పెరుగుతుంది, షాపును కొత్త డిజైన్‌లోకి మార్చమంటారు. అమ్మకాల్లో రాయల్టీ ఒక్క శాతం పెరిగినా ఏటా లాభంలోంచి ఎంత పోతుందో లెక్క వేయండి, దాన్ని కొన్నేళ్లతో గుణించండి. ఆ మొత్తం మీకు రావలసిన ధరలోంచే పోతుంది. మీరు లెక్క వేయకపోయినా కొనేవారి అకౌంటెంటు తప్పకుండా వేస్తాడు. మీ అగ్రిమెంటు మిగిలిన కాలానికి పాత షరతులతోనే బదిలీ అవుతుందా, కొత్త ఫారం తప్పదా అన్నది బేరం మొదలుపెట్టక ముందే తేల్చుకోవాల్సిన విషయం.

రెండోది కంపెనీకి ఉండే మొదటి కొనుగోలు హక్కు. బయటివాళ్లు ఇచ్చిన ధరకే తామే కొనుక్కుంటామనే హక్కు ఇది. మీకు డబ్బు పరంగా నష్టం లేదనిపిస్తుంది. కానీ ఇది ఉందని తెలిస్తే నెలల తరబడి లెక్కలు చూసి, లాయరు ఫీజులు కట్టి ఆఫరు ఇవ్వడానికి బయటివాళ్లు వెనకాడతారు. కాలిఫోర్నియా చట్టం ఈ హక్కును ఒప్పుకుంటూనే, కంపెనీ ఇచ్చేది బయటి ఆఫరు విలువకు తగ్గకూడదని చెప్పింది.

మూడోది తెలుగువాళ్లకు ప్రత్యేకం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మన షాపు కొనడానికి ముందుకొచ్చేది తరచూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవాళ్లే. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లు వ్యాపారంలో వాటా కొనుక్కోవచ్చు కానీ, ఆ షాపులో పని చేయడానికి ఆ వీసా అనుమతించదు. పెట్టుబడిదారులకిచ్చే ఇ-2 వీసా భారత పౌరులకు లేదు, దానికి కావలసిన ఒప్పందం అమెరికాకు మన దేశంతో లేదు. కంపెనీలేమో చాలాసార్లు ఓనరే రోజంతా షాపులో ఉండి నడపాలంటాయి. ఈ రెండూ కలిస్తే బ్యాంకులో ఎంత డబ్బున్నా కొనేవారు అర్హత పరీక్షలో పడిపోతారు, అది కంపెనీ కక్షా కాదు. బావగారి రెండో బేరం నిలవడానికి కారణం ఇదే. కొన్న దంపతుల్లో భార్యకు హెచ్-4 (హెచ్-1బి ఉన్నవారి జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద ఈఏడీ, అంటే పని చేసేందుకు అనుమతి కార్డు ఉంది, నడిపేది ఆమే అని అప్లికేషనులో మొదటి పేజీలోనే రాశారు. బయానా తీసుకునే ముందే ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

తర్వాత పాత బాకీలు. లీజు మీద మీరు పెట్టిన పర్సనల్ గ్యారంటీ షాపు అమ్మగానే దానంతటది రద్దు కాదు. కొన్నవారు అద్దె ఎగ్గొడితే ల్యాండ్‌లార్డు మీ ఇంటి తలుపు తట్టగలడు. గ్యారంటీ నుంచి విడుదల చేస్తున్నట్టు ఆయన చేత రాయించుకోనిదే అమ్మకం పూర్తి కాలేదనుకోండి. కంపెనీ కూడా, తన మీద మీకు ఏ దావాలూ లేవని రిలీజు పత్రం అడుగుతుంది. అది ఇరువైపులా ఉండేలా చూసుకోవాలి. చాలా ఫారాల్లో అది మీ వైపు నుంచే ఉంటుంది. న్యూజెర్సీలో ఇంకో మెలిక ఉంది. వ్యాపార ఆస్తులను గుండుగుత్తగా కొనేవారు కనీసం 10 పని దినాల ముందు సి-9600 ఫారంతో రాష్ట్ర పన్నుల శాఖకు తెలియజేయాలి. లేకపోతే మీ పాత పన్ను బాకీలు వాళ్ల నెత్తికి చుట్టుకుంటాయి. శాఖ చెప్పిన మొత్తాన్ని ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో ఉంచి మిగతాదే మీ చేతికిస్తారు కాబట్టి, అమ్మిన రోజే మొత్తం డబ్బు చేతికొస్తుందని ఇంటి లోను తీర్చే ముహూర్తం పెట్టుకోకండి.

ఓనరు చనిపోతే? చాలా కుటుంబాలు ఈ ప్రశ్న ఆస్పత్రి వరండాలోనే మొదటిసారి వింటాయి. కాలిఫోర్నియా చట్టంలో జీవిత భాగస్వామికి, వారసులకు సముచితమైన కాలంపాటు ఫ్రాంచైజీని నిలబెట్టుకునే అవకాశం ఇచ్చారు. ఆ లోపు వాళ్లు అర్హత తెచ్చుకోవాలి, లేదా అర్హులకు అమ్ముకోవాలి. మిగతా చోట్ల అగ్రిమెంటులో "మరణం" అన్న మాట ఎక్కడుందో వెతికి చూడండి.

మన దగ్గర ఏముంది?

భారతదేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. టీ పాయింటు, ప్లేస్కూలు, డయాగ్నస్టిక్ సెంటరు, బిర్యానీ అవుట్‌లెట్, ఏదైనా సరే 1872 నాటి కాంట్రాక్టు చట్టం, అగ్రిమెంటులో రాసుకున్న మాటలు, ఇవే దిక్కు. అనుమతికి గడువూ లేదు, కారణం చెప్పాలన్న నియమమూ లేదు.

కోర్టులు ఏమన్నాయో చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. 1991లో ఇండియన్ ఆయిల్ వర్సెస్ అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసు. గ్యాస్ డిస్ట్రిబ్యూటర్‌షిప్ రద్దు సరికాదని తేలింది. అయినా 30 రోజుల నోటీసుతో ఎవరైనా ముగించుకోగల ఒప్పందం కాబట్టి ఏజెన్సీని తిరిగి ఇప్పించడం కుదరదని, ఆ 30 రోజుల నష్టానికి పరిహారం మాత్రమే దక్కుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఏళ్ల తరబడి కట్టుకున్న వ్యాపారం విలువ ఒక నోటీసు కాలానికి కుదించుకుపోయింది. మీ అగ్రిమెంటులో "కంపెనీ 30 రోజుల నోటీసుతో రద్దు చేయవచ్చు" అని ఉంటే, మీరు అమ్మబోయే గుడ్‌విల్‌కు పునాది అంత పలచనిదన్న మాట.

1995 నాటి గుజరాత్ బాట్లింగ్ వర్సెస్ కోకాకోలా తీర్పు సరిగ్గా మన విషయానికే సంబంధించింది. థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ బ్రాండ్లు 1993లో పార్లే నుంచి కోకాకోలా చేతికి వచ్చాయి. వాటిని సీసాల్లో నింపే గుజరాత్ బాట్లింగ్ కంపెనీతో అదే ఏడాది ఒప్పందం కుదిరింది. తర్వాత ఆ బాట్లింగ్ కంపెనీ షేర్లు పెప్సీ చేతికి వెళ్లాయి. షాపు అమ్మలేదు, ఆస్తులు అమ్మలేదు, షేర్లే కదా చేతులు మారాయి అన్న వాదన నిలవలేదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం పోటీ సరుకు తయారు చేయకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ (వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందాలు చెల్లవనేది) కింద చెల్లనిది కాదని, బాట్లింగ్ కంపెనీ వ్యవహరించిన తీరు న్యాయంగా లేదని సుప్రీంకోర్టు చెప్పింది. "ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేసి షేర్లు రాసిచ్చేస్తే కంపెనీకి తెలియదు" అని ఎవరైనా సలహా ఇస్తే ఈ తీర్పు గుర్తుంచుకోండి.

అదే 27వ సెక్షన్ మీకు పనికొచ్చే చోటు కూడా ఉంది. ఒప్పందం ముగిశాక ఫలానా వ్యాపారం చేయకూడదన్న షరతు మన దేశంలో మామూలుగా చెల్లదు. మినహాయింపు ఒక్కటే, గుడ్‌విల్ అమ్మినవారు కొన్నవారితో ఫలానా ప్రాంతంలో అదే వ్యాపారం పెట్టనని ఒప్పుకోవడం. అంటే కంపెనీకి రాసిచ్చిన ఆంక్ష తేలిపోవచ్చు, మీ దగ్గర కొన్నవారికి రాసిచ్చిన మాట మాత్రం నిలబడుతుంది. అమ్మేసి పక్క వీధిలో కొత్త కొట్టు పెడదామనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

పన్నుల సంగతి క్లుప్తంగా. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా బదిలీ చేస్తే ఆ సేవ మీద జీఎస్టీ లేదు, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీకి దక్కే జమను) ఐటీసీ-02 ఫారంతో కొన్నవారికి బదిలీ చేయవచ్చు. కానీ జీఎస్టీ చట్టం 85వ సెక్షన్ ప్రకారం బదిలీకి ముందు బాకీలకు అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ బాధ్యులే. ఆహార వ్యాపారమైతే కొన్నవారు ఫుడ్ లైసెన్సు తమ పేరు మీద కొత్తగా తీసుకోవాలి.

మన దగ్గర చట్టం పెట్టని గడియారాన్ని అగ్రిమెంటులో మనమే పెట్టించుకోవాలి. అదీ సంతకం పెట్టే రోజున. కంపెనీకి మన డబ్బు అవసరమున్న రోజు అదొక్కటే.

పోయిన ఏడాది విజయవాడలో మా పిన్ని కొడుకు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఫ్రాంచైజీ తీసుకోవడానికి సిద్ధమై, అగ్రిమెంటు కాపీ నాకు పంపాడు. "అన్నయ్యా, వాళ్లు స్టాండర్డ్ ఫారం అంటున్నారు, మార్చరట" అన్నాడు. బదిలీ క్లాజులో ఒకే ఒక్క లైను ఉంది, కంపెనీ ఇష్టానుసారం అనుమతి ఇవ్వవచ్చు, మానవచ్చు అని. బావగారి పచ్చ కార్డు గుర్తొచ్చింది. ఇద్దరం కూర్చుని దాని కింద మూడు వాక్యాలు రాశాం. కొనేవారి వివరాలు అందిన 45 రోజుల్లో కంపెనీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. కాదంటే కొనేవారి అర్హతకు సంబంధించిన కారణం రాయాలి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. స్థానికంగా ఉన్న ఒక లాయరుకు చూపించి పంపాడు. పది రోజులకు ఫారం తిరిగొచ్చింది. మూడో వాక్యం కొట్టేసి ఉంది, మొదటి రెండూ ఉంచారు, పక్కన పొట్టి సంతకం కూడా చేశారు. మూడోదాని కోసం ఇంకోసారి అడగమన్నాను. ఈసారి వాళ్లు 45ను 90 చేసి ఆ వాక్యాన్ని తిరిగి పెట్టారు. వాడు సంతకం పెట్టాడు.